చెయ్యి చెవికి అందిన ఏడు

మొన్న మా వీధిలో మురికికాల్వ కోసమని పొక్లెయిన్ తెచ్చి రోడ్డు పక్కన తవ్వారు. మీసం కూడా సరిగా రాని పిలగాడొకడు అద్దాల గదిలో కూర్చుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, రెండు మీటలు అటూ ఇటూ ఆడిస్తుంటే, మా బాపు వారమంతా తవ్వేంత గుంత నేను చాయ తాగి గ్లాసు కడిగేలోపల తయారైంది. సరే, మిషన్ పని మిషన్ చేసింది. కానీ ఆ పచ్చి మొరం కుప్ప నుంచి లేచిన వాసన నన్ను గడప మీద కూలబెట్టింది. తొలకరికి అందరూ మురిసిపోయే మట్టివాసన కాదది. నేల కడుపులోంచి వచ్చే, కొంచెం ఇనుము కలిసినట్టుండే, చల్లటి చేదు వాసన. దానికి ఇంత బీడీ పొగ, ఇంత చెమట కలిపితే మా బాపు. ఆ వాసన మా ఇంట్లో ఉండేది వానకాలం నాలుగు నెలలే. మిగతా ఏడాదంతా అది ఎవరికి దక్కిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనుమలనెత్తిన ముసలివాణ్ణయినా నాకు ఆ కడుపుమంట ఆరలేదు. ఆరిందని అబద్ధమాడే అవసరమూ లేదు.

మాది కల్వకుర్తి పక్కన ఎర్ర చెలకల పల్లె. ఎనభైలలో మా వైపు వాన అంటే ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో తెలియని చుట్టం. ఆ ఏడు గింజలెన్ని ఇంటికొస్తాయో తేలేసరికి దసరా వచ్చేది. దసరా నాడు ఊరంతా మసాలా వాసన, కొత్త బట్టల గంజి వాసన, ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టి అలాయి బలాయి తీసుకోవడం. తలపాగాల్లో చెక్కుకున్న ఆ ఆకు వాడకముందే ఊరి మొదట్లో లారీ వచ్చి నిలబడేది. కూలీలను గుంపుగా పోగుచేసి పనికి తోలుకుపోయే మేస్త్రీ డ్రైవర్ పక్కన కూర్చునేవాడు. వెనక చాపలు, గిన్నెలు, జొన్నపిండి మూటలు, పారలు, గడ్డపారలు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి సందుల్లో మనుషులు. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి, మరాఠీ నేలకో కన్నడ నేలకో పోయేవారు. ఎవరెవరి పొలాలకో నీళ్లు పారే దారులు మావాళ్లు తవ్వారు. మా చెలకకు మాత్రం ఆకాశమే దిక్కు.

బాపు మన్ను తవ్వేవాడు, అమ్మ తట్ట మోసేది. వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఇంటికొచ్చినా బాపు నడుము వాల్చడం నేను చూడలేదు. తెల్లారకముందే మా రెండెకరాల్లో నాగలి, ఎండ ముదిరాక ఎవరి బావి పూడికో, సాయంత్రం ఇంటిగోడకు మట్టి మెత్తడం, అది కూడా లేకపోతే అవ్వ మంచానికి నులక బిగించడం. అవ్వ అంటే బాపును కన్నతల్లి, చూపు మసకబారిన ముసలిది. రొట్టె కాల్చగానే మొదటిది అవ్వకు, రెండోది మాకు. అమ్మ కూర్చుంటేనే తాను కూర్చునేవాడు, అంచులు మాడినవన్నీ ఏరుకుని పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాడు. పార పట్టి పట్టి ఆయన అరచేతులు ఎంత బండబారాయంటే, వీపు దురద పెడితే మాకు గోళ్లతో పని లేదు, ఆ చెయ్యి ఒకసారి పైనుంచి కిందికి రాస్తే చాలు, ప్రాణం హాయిగా ఉండేది. ఆ చేతి కింద వీపు పెట్టడానికి నేనూ మా చెల్లె బాలమణీ పోట్లాడుకునేవాళ్లం. నాకంటే మూడేళ్లు చిన్నది. ఎక్కువసార్లు అదే గెలిచేది.

ఇక అసలు సంగతి. పుట్టిన తేదీలు ఎవరికి గుర్తున్నాయి ఆ రోజుల్లో? కుడి చేతిని నడినెత్తి మీదుగా వేస్తే ఎడమ చెవి అందిందా, బడి ఈడు వచ్చినట్టే. ఊళ్లో సారు పెట్టుకున్న ఆ కొలతనే బాపు ఇంటికి తెచ్చుకున్నాడు. చెవి అందని పిల్ల లారీ ఎక్కాలి, అందిన పిల్ల అవ్వ దగ్గర ఉండి బడికి పోవాలి. తన పిల్లలు తట్ట మోయకూడదని ఆయన పట్టు. ఈ షరతు అమ్మకు తెలుసు, అవ్వకు తెలుసు, మేస్త్రీకి కూడా తెలుసు. నాకే ఎవరూ చెప్పలేదు. చెవి అందితే పెద్దోడైనట్టు అని మాత్రం విన్నాను. పెద్దవాణ్ణయితే బాపు పక్కన నిలబడి మన్ను తవ్వొచ్చనుకున్నాను. అంతకుముందు ఏళ్లు నేనూ వాళ్లతో పోయానట; చంకలో పోయి చంకలో వచ్చినవాడికి ఏం గుర్తుంటుంది? ఆ ఏడు బతుకమ్మ ఆడిన రోజులన్నీ నేను గోడచాటున చెయ్యి సాగదీసుకుంటూనే ఉన్నాను.

లారీ వచ్చింది. సామాను ఎక్కించాక బాపు నన్ను ముందుకు పిలిచాడు.

"అంజిగా, చెయ్యి తలకాయ మీంచి ఎయ్యి."

ఊపిరి బిగబట్టి, ఎవరికీ కనిపించకుండా తలను కాస్త కుడి భుజం మీదికి వంచాను. మోసమే. చెవి పైకి లేచింది, నడిమి వేలి కొస తగిలింది.

"అందింది!" అని అరిచాను.

"ఇగ సూడు, నీ కొడుకు కలెక్టరయితడు," అని మేస్త్రీ నవ్వాడు. అమ్మ ముఖం అటు తిప్పుకుంది. బాపు బాలమణిని ఎత్తి లారీలో అమ్మ ఒళ్లో పెట్టాడు. తర్వాత నా వంతే కదా అని నేను రెండు చేతులూ పైకి చాచాను. ఆయన ఆ రెండు చేతులూ పట్టుకుని, మెల్లగా కిందికి దించి, అవ్వ చేతుల్లో పెట్టాడు.

లారీ వెంట ఊరి చివరి మలుపుదాకా ఉరికాను. వెనకనుంచి అవ్వ కేకలు: "ఉరుకు బిడ్డా ఉరుకు, నీ పొట్టి కాళ్లకు దొరుకుతది గా లారీ! నీ అయ్య నిన్ను అమ్ముకోలేదురా, నాకిచ్చి పోయిండు. ఇంటికి రా, గటక సల్లారుతాంది."

ఏ బడి కోసం నన్ను వదిలారో ఆ బడికి సారు బస్సులో రావాలి. బస్సు రాని రోజు సారు లేడు, బస్సు వచ్చిన రోజు కూడా దిగితే దిగాడు, లేకపోతే లేదు. నాకు అక్షరాలు నేర్పింది కిరాణా కొట్టు పొట్లాలు. బెల్లం చుట్టిన కాగితం నాకి, పప్పు కట్టిన కాగితం దులిపి, సగం సగం వార్తలు కూడబలుక్కున్నాను. నాకు నేనే సారును, నాకు నేనే పిలగాణ్ణి. చలికాలం అవ్వా నేనూ ఆముదపు గెలలు కోసేవాళ్లం, ఆ ఎండు బెరళ్లు పొయ్యిలో పెడితే చమురు పొగ కళ్లు మండించేది. జొన్నగటక, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, ఆపైన అవ్వ గొంగడి. నాలా ఊళ్లో మిగిలిపోయిన పిల్లలం చిర్రగోనె ఆడి విసుగొస్తే, తాడు చుట్టూ కట్టుకుని లారీ ఆట ఆడేవాళ్లం. డ్రైవర్ నేనంటే నేనని కొట్టుకునేవాళ్లం. ఊళ్లో నిలబడి చెయ్యి ఊపే అవ్వ వేషానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు.

మిరుగుకు వాళ్లు తిరిగొచ్చేవారు. చేపల పులుసు ఉడుకుతుండగా బాపు మూట విప్పి నాకు పలక, బలపాలు, ఒకసారి ఎర్ర చెడ్డీ ఇచ్చేవాడు. బాలమణికి ఏమీ తెచ్చేవాడు కాదు, తనవెంటే ఉంది కనుక. నాకు వస్తువులు వచ్చేవి, దానికి మనిషి దక్కేవాడు. పైగా అది ముచ్చట్లు మొదలుపెట్టేది, వినలేక చచ్చేవాణ్ణి. తవ్విన లోతు కొలవడానికి గుంత నడుమ పాత నేలను ఒక దిమ్మెలా ముట్టకుండా వదిలేవారట. బాపు పొద్దున్నే బాలమణిని ఆ దిమ్మె పైన కూర్చోబెట్టి, చుట్టూ తవ్వుకుంటూ పోయేవాడట. పొద్దెక్కేసరికి బాపు మోకాళ్లు దానికి కనబడేవి కావు, మధ్యాహ్నానికి నడుము, పొద్దుగూకేసరికి తలపాగా ఒక్కటే. అది ఉన్నచోటే ఉండేది, బాపే కిందికి దిగిపోయేవాడు. సాయంత్రం గుంతలోంచి చేతులు చాచి, "దునుకు బిడ్డా" అనేవాడట. అది దూకేదట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

అంతకంటే మండిన సంగతి ఇంకొకటి. అక్కడ బండలు పేల్చేముందు కూత పెట్టేవారు, కూత వినగానే బాపు దాని చెవులు రెండు చేతులతో మూసేవాడు. ఆ అలవాటు ఆయన వెంట ఇంటికొచ్చింది. వానకాలం ముగ్గురం అరుగు మీద కూర్చుని ఉండగా ఉరిమిందంటే, ఆలోచనే లేకుండా ఆయన చేతులు బాలమణి తలకు అటొకటి ఇటొకటి అతుక్కునేవి. పక్కనే నేను. నా చెవులు ఉరుముకు వదిలేసినట్టు.

బాలమణికీ బడి ఈడు వచ్చింది. ఆ దసరాకు నాకంటే సంబరపడ్డవాడు ఊళ్లో లేడు. నాకు లారీ లేకపోతే పోయె, దానికీ ఉండదు కదా! లారీ దగ్గర బాపు పిలిచాడు. అది చెయ్యి నెత్తి మీదుగా వేసింది. తలను ఎడమకు వాల్చి, వేళ్లు లోపలికి ముడిచి, నేను చేసిన మోసాన్నే తలకిందులుగా చేసింది.

"అందలే బాపూ," అన్నది కళ్లు టపటప కొడుతూ.

"దొంగది బాపూ! ఏళ్లు ముడిసింది సూడు! రోజు గా చెయ్యితోనే చెవుల పోగు తిప్పుకుంటది!"

"ఊకోరా, ఆడివిల్ల తోటి నీకేం పంచాతి," అని అమ్మ లారీ పైనుంచి గదిమింది.

బాపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నాకు కండ్లు లెవ్వారా? సూసిన."

"మరి దించు దాన్ని!"

"ఇద్దరు ఈడనే ఉంటే ఆడ నాకెవలున్నరురా?" అని లేచి, దాన్ని ఎత్తి లారీలో పెట్టాడు.

దాని మోసం చూసిన కళ్లు నాది చూడకుండా ఉంటాయా? వంచిన నా తల ఆయనకు కనబడే ఉంటుంది. చూసి కూడా నన్ను ఊళ్లో వదిలాడు, చూసి కూడా దాన్ని వెంట తీసుకుపోయాడు. ఆ మాట విన్న మా చుట్టాలు ఇప్పటికీ అంటారు, బాలమణి వేలిముద్రదే అయింది, నువ్వేమో పేపర్లు చదువుతున్నావు, లాభపడ్డది నువ్వే కదా అని. ఏం లాభం? అక్షరాలను నేను పొట్లాల మీద ఏరుకున్నాను. బాపును ఏ కొట్టులో ఏరుకోవాలి?

తొంభైలలో బాపు నడుము పోయి లారీ మానేశాడు. అప్పటికి నాకు మీసాలొచ్చాయి, బతుకుతెరువు కోసం మహబూబ్‌నగర్‌లో నేనే కిరాయి గదిలో పడ్డాను. ముసలితనంలో బాపును నా ఇంటికే తెచ్చుకున్నాను. పక్కలో దుప్పటి మార్చాను, నీళ్లు పోశాను, దవాఖానకు ఎత్తుకుని తిరిగాను. ఆయన మాత్రం తలుపు దిక్కు చూసి, "బాలమణి ఎప్పుడొస్తదట?" అనేవాడు. ఆమె వస్తే ఇద్దరూ నాకు తెలియని ఊళ్ల పేర్లు చెప్పుకుని నవ్వుకునేవారు. నేను చాయ పెట్టుకొచ్చేవాణ్ణి.

పోయిన పెత్రమాసకు, కాలం చేసిన బాపు పేరు మీద బియ్యం ఇచ్చే రోజున, ఊళ్లో చుట్టాలింటికి నేనూ పోయాను, బాలమణీ వచ్చింది. తిన్నాక చాప మీద కూర్చున్నాం. ఎన్నడూ అనని మాట ఆ రోజు అనేశాను.

"నీదేం పోయింది, బాపు మొత్తం నీకే దక్కిండు."

అది వక్క నోట్లోంచి తీసి మరీ నవ్వింది. "ఏం దక్కిండే అన్నా! పొద్దంత పార దిక్కే సూపు. పొద్దుమూకి రొట్టె ముంగట కూసుంటే సాలు, నీ ముచ్చటే. అంజిగాడు తిన్నడో లేదో, అవ్వకు కండ్లు గానరావు, పొయ్యికాడ పైలంగ ఉంటడో లేదో, గిప్పుడు పలక మీద ఏం రాస్తాండో. ముద్ద నోట్లె వెట్టుకొని నీ పేరే. నాకు తేలు కుట్టిన్నాడు సుత అమ్మతోని నీ ముచ్చటే వెట్టిండు! ఎదురుంగ నేనుంటే లేని కొడుకును తలుసుకునుడేంది అని నాకు ఒళ్లు మండుతుండె."

"రోజూ?"

"రోజు. ఇని ఇని యాష్టకొస్తుండె."

"మరి నాతోని ఒక్కనాడన్న అనలేదేమే?"

"బాపు ముంగట పడి ఎవలకు జెప్పిండు, ఏ మాటన్న?" అని కొంగు దులుపుకుని బస్సుకు లేచింది.

దాన్ని బస్సెక్కించి తిరిగొస్తూ ఊరి మొదట్లో ఆగాను. లారీ ఆగే జాగాలో ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణం. అవ్వ ఇల్లు కూలిన చోట ఎవరో పునాది తీశారు. జొన్న లేదు, ఆముదం లేదు, మిరుగుకు వచ్చేవాళ్లకోసం అరుగుల మీద కూర్చునేవాళ్లు లేరు, అరుగులే లేవు. పనికి పోయేవాళ్లు ఇప్పటికీ పోతూనే ఉన్నారు, పిల్లలను ఫోనులో చూసుకుంటారట.

మా బాపు ఏ ఊళ్లోనో ఒక గుడిసె ముందు, అన్ని సాయంత్రాలు, నా పేరు పెట్టి మాట్లాడాడు. ఆ మాటలు కూడా బాలమణికే దక్కాయి.