చాంబర్ లేని ప్లాను

జూన్ 20, శనివారం, సాయంత్రం. పుప్పాలగూడ, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ గది. హాజరైనవారు: అసోసియేషన్ అధ్యక్షులు, కార్యదర్శి, మా బ్లాకు ఇళ్లవాళ్లు కొందరు, మూడో అంతస్తు అమ్మాయి, నేను. రానివారు: మా ఆవిడ.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. నీటిపారుదల శాఖలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినన్నాళ్లూ ఏ సమావేశం గురించి రాసినా ముందు తేదీ, తర్వాత హాజరైనవారు, ఆ తర్వాతే విషయం. రానివారి వరస మాత్రం ఈ మధ్య చేర్చాను. ఆ సాయంత్రం అందరం కూర్చున్నది రాలేని మనిషి కోసమే.

మా ఆవిడకు కిందటేడు తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ నడక తిరిగి రాలేదు, చక్రాల కుర్చీ వచ్చింది. లిఫ్టు దిగితే కింద హాలు, హాలు దాటితే మూడు మెట్లు. ఆ మెట్ల అవతలే తోట, ఆమె రోజూ సాయంత్రం తోటివాళ్లతో కూర్చునే సిమెంటు బల్ల. సెల్లారు దాకా లిఫ్టు ఉంది కాబట్టి ఆస్పత్రికి అక్కడే కారెక్కిస్తాం. సెల్లారు నుంచి పైకి వచ్చే కార్ల దారి మీద కుర్చీ తోయడం నా వయసువాడి పని కాదు. ఒకసారి సెక్యూరిటీ వాళ్లిద్దరు కుర్చీతో సహా ఆమెను ఎత్తి మెట్లు దింపారు. జాగ్రత్తగానే దింపారు, పాపం. పైకొచ్చాక ఆమె ఒక్క మాట అంది.

"సామాను దింపినట్టు నన్ను దింపించకండి. ర్యాంపు కట్టిస్తే వస్తాను. లేకపోతే బాల్కనీ ఉండనే ఉంది."

ఆ తర్వాత ఎవరు పిలిచినా కిందికి రాలేదు. నేనూ బతిమాలలేదు. ర్యాంపు కట్టించాలని నిశ్చయించుకున్నాను.

అసోసియేషన్‌లో ఎవరూ కాదనలేదు. జాగా లేదన్నారు, చూద్దామన్నారు. ఇంతలో కాంపౌండులో పాత పలకలు తీసి కొత్తవి పరిచే పని మొదలైంది. ఆ పనివాళ్లు మా బ్లాకు ముందుకు వచ్చేలోగా ప్లాను ఒప్పుకుంటే వాళ్ల చేతే ర్యాంపు కూడా కట్టించేయవచ్చని, వాళ్లు వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడో చెప్పలేమని కార్యదర్శి అన్నారు. ఆదివారం పొద్దున వాళ్లు మా బ్లాకు ముందుకు వస్తారు. అంటే నాకున్నది శనివారం సమావేశం ఒక్కటే.

కాగితం మీదైతే ఒక పూట పని. కానీ కాంట్రాక్టరుకు కంప్యూటర్ ఫైలు కావాలి, కమిటీకి టీవీలో చూపాలి. అప్పుడు మూడో అంతస్తు అమ్మాయి సాయం వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో భవనాల డిజైన్ ఆఫీసులో పని. తానే గీసిస్తానంది. నేర్పితే చాలు, గీయడం నా పని అన్నాను. నవ్వి తన పాత లాప్‌టాప్ తెచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది.

బిల్డరు అసోసియేషన్‌కు అప్పగించి పోయింది ఒకే ఒక్క పెద్ద ప్లాను కాగితం, మడతలు నలిగి, ఒక మూల టీ మరక పడి. దాన్ని ఆ అమ్మాయి పెద్ద షీట్లు స్కాన్ చేసే షాపులో స్కాన్ చేయించుకొచ్చింది. తెర మీదికి రాగానే నేను మౌసుతో ఒక గోడ గీతను పట్టుకుని జరపబోయాను. కదల్లేదు.

"అంకుల్, అవి గీతలు గావు, చుక్కలు. ఫోటో అనుకోండ్రి. దాని మీద మీరు కొత్తగ గీయాలె, దాన్ని గుంజితే రాదు."

అర్థమైంది. ఇది మా కాలపు ట్రేసింగే. కింద పాత బొమ్మ, పైన కొత్త గీత. ముందు నేను టేపు పట్టి గేటు నుంచి మెట్ల దాకా కొలిచాను. తెర మీద ఆ రెండు బిందువులూ చూపించి ఆ కొలత ఇస్తే బొమ్మంతా సరైన స్కేలుకు పెరిగింది. తర్వాత కత్తిరింపు. కావలసిన భాగం చుట్టూ ఒక గడి గీస్తే మిగతాదంతా మాయమైపోతుంది. పాత మెట్ల మీద గజిబిజిగా ఉన్న అంకెలను కప్పడానికి తెల్లటి మాస్కు. మా ఆఫీసులో తప్పు గీత మీద తెల్లకాగితం ముక్క అతికించేవాళ్లం. ఇది జిగురు అక్కర్లేని అతుకు.

ఒకరోజు పొరపాటున సగం బిల్డింగు కత్తిరించేసి, పోయిందనుకుని చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆ అమ్మాయి కాఫీ గ్లాసు కింద పెట్టి వచ్చి చూసింది.

"ఏం పోలే అంకుల్. కనబడ్తలేదు, అంతే."

గడి అంచు మీద నొక్కి కత్తిరింపు తీసేయమంది. బిల్డింగు తిరిగి వచ్చింది. ఆ వారమంతా పొద్దున కాఫీ అవగానే బల్ల దగ్గర కూర్చున్నాను. మౌసు మీద చెయ్యి వణికితే మణికట్టు కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకున్నాను. మా ఆవిడ కుర్చీ పక్కకు తోసుకొచ్చి కూరలు తరుగుతూ చూసేది. ఒక్కసారి మాత్రం, "అంత దగ్గరగా కత్తిరిస్తే బావుందండీ, శుభ్రంగా ఉంది" అంది.

శుభ్రంగానే ఉంది. మెట్లు, హాలు గోడ, వాటి ముందు నేను గీసిన ర్యాంపు. మెట్ల ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్కన పద్దెనిమిది అడుగుల ర్యాంపు, తిన్నగా, పాత బొమ్మను కత్తిరించిన అంచు దాటి తెల్లటి నేపథ్యం మీద. ఉద్యోగంలో ఉండగా మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పని చుట్టూ నాలుగు వేళ్ల మేర పక్కనున్నదేదో చుక్కల గీతతో చూపనిదే సంతకం పెట్టేవాడు కాదు. కాగితం మీద నాకు ఆ అలవాటు ఎన్నడూ తప్పలేదు. తెర మీద అంత చక్కగా అంచు తెగుతుంటే గుర్తే రాలేదు.

శనివారం టీవీలో ప్లాను పెట్టగానే అధ్యక్షులు, "చాలా నీట్‌గా ఉందండీ మాస్టారూ" అన్నారు. నేనెప్పుడూ పాఠం చెప్పలేదు, ఆయనకు పెద్దవాళ్లందరూ మాస్టార్లే. కార్యదర్శి కళ్లద్దాలు పైకి జరిపి తెర దగ్గరికి నడిచారు. మెదక్ వైపు మనిషి, మాట కటువు, పని నిక్కచ్చి. వర్షాకాలంలో సెల్లారులో నీళ్లు నిలిస్తే ముందు దిగేది ఆయనే.

"బొమ్మ మస్తుగుంది సార్. గని చాంబర్ ఏడవోయింది?"

వాననీటి చాంబర్. కాంపౌండు నీళ్లన్నీ అందులో పడి రోడ్డు కాలవకు పోతాయి. పెద్ద వాన వస్తే మూత ఎత్తి చెత్త తీయాలి, లేకపోతే సెల్లారు నిండుతుంది. అది సరిగ్గా మా బ్లాకు మెట్లకు ఎదురుగా, నేను కత్తిరించిన అంచు అవతల ఉంది. నా ర్యాంపు కింది కొస దాని మీదికే పోతోంది.

"ర్యాంపు గీడికొస్తే మూత ఎట్ల ఎత్తుతం? వానకాలం సెల్లార్ల పడవలేసుకుందమా?"

కొందరు నవ్వారు. వెనకనుంచి ఎవరో పార్కింగ్ సంగతి ఎత్తారు. అధ్యక్షులు మెత్తగా, వచ్చే నెల సమావేశానికి సరిచేసుకు రమ్మన్నారు. వచ్చే నెలకు పనివాళ్లుండరు. ఆ అమ్మాయి లాప్‌టాప్ వైపు లేవబోయింది. కూర్చోమని చేత్తో చెప్పాను.

"ఇప్పుడే సరిచేస్తానండి. మీరందరూ ఇక్కడే ఉన్నారు, ఏం అడ్డొస్తుందో ఇప్పుడే చెప్పండి" అన్నాను.

తువ్వాలు తెచ్చుకోలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గడి అంచు మీద నొక్కి కత్తిరింపు తీసేశాను. కాగితం మొత్తం టీవీ నిండా పరుచుకుంది. మడతల గీతలు, బిల్డరు ముద్ర, టీ మరక, గేటు, ట్రాన్స్‌ఫార్మర్, మెట్లకు పదమూడు అడుగుల దూరంలో చిన్న చదరంగా చాంబర్. శుభ్రం పోయింది, స్థలం కనబడింది. తిన్నగా పోతే చాంబర్. కుడివైపు పూలమడి. ఎడమవైపు గోడ వెంట ద్విచక్ర వాహనాలు.

పాత ర్యాంపు చెరిపేశాను. మెట్ల పక్క నుంచి ఆరడుగులు ముందుకు తెచ్చి, అక్కడ సమతలంగా ఒక అరుగు ఉంచి, ఎడమకు తిప్పి గోడకు సమాంతరంగా పన్నెండు అడుగులు దింపాను. బళ్ల వరసలో వీలైనంత తక్కువ పోవాలని ఆ అరుగును నాలుగడుగులతో సరిపెట్టాను. నా నెమ్మది చూసి విసుగు పుట్టినవాళ్లున్నా ఎవరూ లేచి వెళ్లలేదు.

కార్యదర్శి చాంబర్ నుంచి అరుగు దాకా తెర మీద వేలితో కొలిచినట్టు చూశారు.

"చాంబర్ బతికింది. గని సార్, గింత జాగల కుర్చీ మర్లుతదా? అమ్మతోని ఒకపారి మలిపి చూపియ్యుండ్రి. పొద్దుగాల పనోళ్లు వచ్చేలోపు చూపిస్తే ఇగ నా దిక్కెంచి ఏం అడ్డం లేదు."

అధ్యక్షులు తల ఊపారు. నేను సరేనన్నాను. ఆ సరే మా ఆవిడను అడగకుండా అన్నది.

ఇంటికెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను, చాంబర్ తప్పుతో సహా. ఆమె అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"హాలు దాకానేగా? మెట్ల దగ్గర ఎవరూ ఎత్తరు కదా?"

ఎత్తరన్నాను.

మర్నాడు పొద్దున మేం దిగేసరికి ఆ అమ్మాయి కింద హాలు గ్రానైటు మీద సుద్దముక్కతో ర్యాంపు వెడల్పు, అరుగు, మలుపు అసలు కొలతల్లో గీసి ఉంచింది. కార్యదర్శి లుంగీ మీదే వచ్చి గోడకానుకుని నిలబడ్డారు. నేను కుర్చీ వెనక పట్టు పట్టుకున్నాను.

"చేతులు తీయండి" అంది మా ఆవిడ.

తీశాను. తనే చక్రాలు తిప్పుకుంటూ గీతల మధ్య ముందుకొచ్చి అరుగులో ఎడమకు తిప్పింది. పాదాల పలక సుద్ద గీత దాటి బయటికి వచ్చింది. అక్కడ నిజంగా ర్యాంపు ఉంటే అంచు గోడకు కొట్టుకునేది. ఆమె వెనక్కి పోయి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ దాటింది.

"అడుగు పెంచి గీయండి" అంది నాతో, నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఆవిడ ఇంజనీరు అయినట్టు.

తడిగుడ్డతో గీత తుడిచి అరుగును ఐదడుగులు చేశాను. చాంబర్‌కు ఇంకా రెండడుగులు ఎడం ఉంది. బళ్ల వరసలో మాత్రం ఒక బండి జాగా పోతుంది. ఆ మాట నేనే కార్యదర్శికి చెప్పాను.

"నా బండే గద. సెల్లార్ల పెట్టుకుంట" అన్నారాయన.

మూడోసారి ఆమె తిరిగింది. చక్రం సుద్ద గీతను తాకకుండా మలుపు దాటి, గోడ వైపు గీసిన ర్యాంపు రెండో భాగంలోకి వెళ్లి ఆగింది. కార్యదర్శి ఫోన్ తీసి మేస్త్రీకి చేశారు. అమ్మాయి అక్కడే మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్‌లో అరుగు కొలత మార్చింది. పక్కన కూర్చున్న నేను కత్తిరింపు గడిని చాంబర్ అవతల నాలుగు వేళ్ల మేర దాకా జరిపించాను.

కాసేపట్లో పనివాళ్లు ర్యాంపు హద్దులు గుర్తుపెట్టడానికి దారపు ఉండ, మేకులు పట్టుకొచ్చారు. పైకి వెళ్దామా అని అడిగాను. మా ఆవిడ కుర్చీని మెట్ల అంచు దాకా తెచ్చుకుని బ్రేకు వేసుకుంది. దారం ఎక్కడ మలుపు తిరగాలో అక్కడ మేకు దిగేదాకా కదలనంది.