చాలు అన్నారనుకున్నాం

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎక్కి దిగుతున్న మెట్లే. డెలానీపూర్‌లో అమ్మానాన్నలు వదిలి వెళ్ళిన మా ఇంటి నుంచి రోడ్డు మీదికి దిగే సిమెంటు మెట్లు. వానాకాలం వాటికి పాచి పడుతుందని, అంచు పట్టుకుని దిగాలని వచ్చినవాళ్ళందరికీ చెప్పే మనిషిని నేనే. ఆ పొద్దున వండూర్‌లో నేను పాఠాలు చెప్పే బడికి ఆలస్యమవుతోందని హడావుడిగా దిగాను. జారాను. కుడి చెయ్యి ఆనించి పడ్డాను. పటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. లేచి చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి వంకర తిరిగి ఉంది. నొప్పి తరవాత వచ్చింది. ముందు నిర్ఘాంతపోయాను. "ఇదెవరి చెయ్యి?" అని పైకే అన్నాను.

ఆస్పత్రిలో ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. మా ఆయనది ద్వీపాల మధ్య తిరిగే ఓడ మీద పని. ఇంటికి ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి. కబురు అందగానే దీవుల ఉత్తరం కొసన ఉన్న డిగ్లీపూర్ నుంచి మా అత్త రోజంతా బస్సులో కూర్చుని వచ్చేసింది. నా కట్టు చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఓలమ్మో, సెయ్యేటే ఇలాగైపోనాది!" అని గట్టిగా ఏడ్చింది. ఆ వెంటనే కొంగు నడుముకు దోపి వంటింట్లోకి నడిచింది. ఆవిడ అంతే. ఏడుపు ఏడుపే, పని పనే.

నా భయమంతా స్కూటీ గురించి. రోజూ వండూర్ దాకా దాని మీదే పోతాను. అన్నీ ఎత్తుపల్లాల రోడ్లు. కుడిచేతి వేళ్ళు బ్రేకు పట్టకపోతే ఇక బండి లేనట్టే. ఎవరి వెనకాలో కూర్చుని, వాళ్ళకు వీలైనప్పుడు బడికి పోవాలి. ఒకరి వెనక కూర్చునే రకం కాదు నేను.

ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయించే ఆయన హిందీ మనిషి. తెలుగు పేషెంట్ల దగ్గర నాలుగు మాటలు నేర్చుకున్నాడు. అవి వాడే అవకాశం దొరికితే వదలడు. కట్టు వేసిన రోజే చెప్పాడు, చెయ్యి ఎత్తుగా పెట్టుకోమని, కట్టు బయట ఉన్న వేళ్ళు మాటిమాటికీ ముడిచి తెరవమని, భుజం తిప్పమని. చేశాను. వేళ్ళు వాచిపోయి ఉన్నాయేమో, ముడిచినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేది.

తరవాతి వారం చూపించుకోవడానికి వెళ్తే ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. "నొప్పి తక్కువ? చాలా మంచిది, దీదీ! బాగా తినాలి," అని తెలుగులోనే అందుకున్నాడు. "ఎక్సర్‌సైజ్ చాలూ. ఠీక్ హై?"

"స్తోత్రం!" అంది మా అత్త. బయటికి వచ్చాక కూడా ఆవిడ సంబరం తీరలేదు. "ఎంత సక్కటి తెలుగే ఆ బాబుది! మనం సాలు అంటాం. ఆయన సదువుకున్నోళ్ళలాగ చాలు అన్నాడు."

రోజంతా హిందీలో బతికే నాకు కూడా అనుమానం రాలేదు. నొప్పితో ఉన్న మనిషికి చాలు అన్న మాట కంటే తియ్యటిది ఏముంటుంది?

ఇక మా అత్త రాజ్యం మొదలైంది. పొద్దున్నే రాగిజావ, ఆపైన ఎండలో కుర్చీ. మధ్యాహ్నం చిన్న చేపల పులుసు, ముల్లు కూడా మెత్తగా నమిలి మింగాలి. ఎముకకి ఎముకే బలమంట. పెరుగు, గుడ్డు సరేసరి. ముద్దలు కలిపి నోట్లో పెట్టేది, జడ వేసేది. ఆదివారం తెలుగు ప్రార్థనలో నా పాటల పుస్తకం పేజీలు కూడా తనే తిప్పేది. వేలు కాస్త కదిలితే చాలు, "సాలని డాట్రుబాబు సెప్పలేదేటి?" అని చెయ్యి తీసి దిండు మీద పెట్టేది. నేను కొత్త పెళ్ళికూతురిలా వైభోగం అనుభవించాను.

కట్టు కోసిన రోజు పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక బ్రహ్మాండంగా అతికిందన్నాడు. మా అత్త ముఖం వెలిగిపోయింది. పులుసు తనది కదా మరి. తరవాత ఆయన నన్ను పిడికిలి బిగించమన్నాడు. బిగించాను. బిగించాననే అనుకున్నాను. కిందికి చూస్తే వేళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ బిగించాను. ఒళ్ళంతా చెమట పట్టింది, చూపుడువేలు కొద్దిగా వణికింది, అంతే. మెట్ల మీద పడ్డప్పుడు కూడా నాకంత దడ పుట్టలేదు.

ఫిజియో ఆయనను పిలిచారు. నా వేలు వంచబోయి ఆగిపోయాడు.

"దీదీ, ఎక్సర్‌సైజ్ నహీ కియా?"

"మీరే కదా భయ్యా, చాలన్నారు!"

"హా, చాలూ బోలా థా!"

"అదే మరి! చాలన్నారు, మానేశాం!"

"మానేశాం?" ఆ తెలుగు మాట ఆయనకు తెలిసినట్టుంది. ముఖం పాలిపోయింది. "నహీ దీదీ. చాలూ. చాలూ రఖ్‌నా. బంద్ నహీ కర్‌నా."

నా నెత్తిన పిడుగు పడింది. చాలూ. ఫ్యాన్ చాలూ, మోటర్ చాలూ, ఓడ టికెట్ల కౌంటర్ చాలూ. హిందీలో ఆపకుండా నడవనివ్వమని. పొద్దున లేస్తే నేనూ వాడే మాట! ఎవరిని తిట్టాలో తెలియలేదు. మా అత్త నా చెయ్యి వంకే చూస్తోంది.

"నా సేతుల్తోనే నీ సెయ్యి పాడు సేసినానేటే," అంది.

"కదలిక తిరిగి వస్తుందా?" అని ఆయన్ని అడిగాను. "ఆయేగా," అన్నాడు గానీ, నా ముఖం చూడకుండా అన్నాడు.

మర్నాటి నుంచి అత్త పూర్తిగా మారిపోయింది. కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేది. "నువ్వే కలుపుకో." వేళ్ళు మడవలేక అన్నం ఒళ్ళోకి జారిపోయేది. ఆకలి, కోపం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చేవి. ఆవిడ తల పక్కకు తిప్పుకునేది తప్ప చెయ్యి చాచేది కాదు. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ పిండటం నాదే. చపాతీ పిండి కలపడం నాదే, రొయ్యలు ఒలవడం నాదే. ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడమైతే నరకం. ఒక్కొక్కటి నొక్కడానికి పళ్ళు బిగపట్టేదాన్ని.

"రాక్షసివి అత్తా నువ్వు," అన్నాను ఒకరోజు.

"అవున్లే. పిండు," అంది.

సాయంత్రాలు స్కూటీ దగ్గరికి పోయి బ్రేకు మీద వేళ్ళు వేసి చూసేదాన్ని. అందేవి కావు. చాలా రోజులకు చూపుడువేలు తగిలింది. తరవాత మధ్యవేలు. ఒకరోజు తాళం తిప్పి, కళ్ళు మూసుకుని ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. బండి వెనకాల నుంచి మా అత్త కేక వినిపించింది.

"ఎర్ర లైటు ఎలిగినాదే! ఎలిగినాది!"

ఆవిడ డిగ్లీపూర్ వెళ్ళిపోయే రోజు నా వెనక కూర్చోబెట్టుకుని నేనే బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ప్రార్థన చేస్తూనే ఉంది. బస్సు ఎక్కబోతూ నా కుడి చెయ్యి అందుకుని, వేలు వేలూ తడిమి చూసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గట్టిగా బిగించాను.

"సాలు. సాలే, నొప్పెడతంది," అంది కళ్ళ నీళ్ళతో నవ్వుతూ.

ఈసారి ఆ మాట హిందీది కాదు. నాకు సరిగ్గానే అర్థమైంది. అయినా బస్సు హారన్ కొట్టేదాకా వదల్లేదు.