ఆ వానను నేనే పిలిచాననుకున్నాను

నా చిన్నప్పుడు ప్రార్థన చేయడంలో నన్ను మించినవాళ్ళు మా సండే స్కూల్లో లేరని నాకు గట్టి నమ్మకం. ఎనభైల మొదటి రోజులవి. నాకు పదేళ్ళు. ఆర్మూరు నుంచి పెర్కిట్ వెళ్ళే దారిలో, పెంకుల కప్పున్న ఒక చిన్న చర్చిలో ఆదివారం సాయంత్రాలు మా పెద్దమ్మ పిల్లలకు పాటలు, ప్రార్థన నేర్పేది. వారమంతా సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసి, దొరికిన ఆ ఒక్క పూట తీరికనూ మాకే ఇచ్చేది. మిగతా పిల్లలు రెండు ముక్కలు చెప్పి ఆమెన్ అనేస్తే, నేను మాత్రం పెద్దవాళ్ళ నోటి నుంచి ఏరుకున్న బరువైన మాటలన్నీ పేర్చి, కళ్ళు బిగించి, ఊపిరి తిప్పుకోకుండా చేసేదాన్ని.

చర్చి పక్కనే ఒక ముసలి రైతు కల్లం ఉండేది. మేమంతా ఆయన్ని పటేల్ తాత అనేవాళ్ళం. పసుపు ఉడకబెట్టి ఎండబోసే రోజులు. ఆ ముందు వారం మా బంతి ఆయన పసుపులో పడితే, తెచ్చుకోవడానికి నేను కొమ్ములు తొక్కుకుంటూ పరుగెత్తాను. ఆయన కర్ర పట్టుకుని వచ్చి, నన్ను నానా మాటలూ అని, బంతిని బావిలో పారేశాడు. బంతి పోయినందుకు కాదు, అందరూ చూస్తుండగా ఏడ్చినందుకు నాకు ఎక్కువ బాధ. ఆ కోపాన్ని వారమంతా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

ఆదివారం నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే మొదలుపెట్టి, మధ్యలో "ప్రభువా, పసిపిల్లలను ఏడిపించు కఠినాత్ములకు తగిన బుద్ధి చెప్పుము" అన్నాను. ఎవరి గురించో పిల్లలందరికీ తెలుసు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. సరిగ్గా అప్పుడే ఆకాశం ఉరిమింది.

నిజం చెప్పాలంటే, మొదట నాకు సంతోషమే కలిగింది. దేవుడు వెంటనే విన్నాడు! కళ్ళు తెరవకుండానే గొంతు ఇంకాస్త పెంచాను. అంతలో పెద్దమ్మ చేయి నా భుజం మీద పడింది.

"ఆమెన్. లేవుండ్రి పిల్లలూ! వాన వస్తున్నది, పటేల్ పసుపు తడుస్తది."

"నా ప్రార్థన ఇంక కాలే పెద్దమ్మా."

"తర్వాత జేద్దువు తీ. గా జంపఖాన వట్టు."

మేము కూర్చున్న జంపఖానాను గబగబా చుట్టి నా చేతుల్లో పెట్టింది. బయట గాలి దుమ్ము రేపుతోంది. కల్లంలో పటేల్ తాత ఒక్కడే ఉన్నాడు. టార్పాలిన్‌ను ఒక కొసన పట్టుకుంటే ఇంకో కొస గాలికి లేచిపోతోంది. ఆయన భార్యకు ఆయాసం ఎక్కువై, పది రోజుల కిందనే నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారట. కొడుకూ కోడలూ ఆమె దగ్గరే ఉన్నారట. కొమ్ములను కుప్పలోకి తోస్తూనే పెద్దమ్మ నాకీ సంగతి చెప్పింది.

పసుపు తడిస్తే రంగు పోతుందని, బూజు పడుతుందని, మార్కెట్‌లో ఎవరూ ముట్టరని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ వానను పిలిచింది నేనే! ఏడుస్తూనే రెండు చేతులతో కొమ్ములను తోశాను. పదిమంది పిల్లలం కలిసి కుప్పలు చేసి, టార్పాలిన్ చాలని చోట గోనె సంచులూ మా జంపఖానా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. రాళ్ళు పెడుతుండగానే వాన దబదబా దిగింది. ఒక పక్క కుప్ప కాస్త తడిసింది. మిగతా పంటంతా దక్కింది.

అందరం చర్చి అరుగు మీదికి చేరాం. పటేల్ తాత కూడా మా మధ్యే తడి బట్టలతో కూలబడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఆనాడు జర ఎక్కువనే తిట్టిన బిడ్డా. ఇంట్ల ముసల్దానికి బాగలేక పానమంత ఆగమాగం ఉండె," అన్నాడు.

నేను తల వంచుకుని, గోళ్ళలో ఇరుక్కున్న పసుపును గీరుకుంటూ కూర్చున్నాను.

వాన తగ్గి అందరూ వెళ్ళాక ఇక ఆపుకోలేకపోయాను. "గీ వాన నా వల్లనే వచ్చింది పెద్దమ్మా," అని చెప్పేశాను. ఆమె నవ్వలేదు. నా అరచేతులను తన కొంగుతో తుడిచింది.

"దేవుడేమన్న నీ కోపానికి జీతగాడా బిడ్డా, నువ్వు పిలువంగనే ఉరికొచ్చేటందుకు? వాన దాని యాళ్లకు అది వచ్చింది. గని గా మాట వారం దినాలు నీ కడుపుల ఉన్నది సూడు, గది నిన్నే తిన్నది. ఇప్పుడు మళ్ళ చెయ్యి. పెద్ద పెద్ద మాటలొద్దు. గా తాతకు ఏం గావాల్నో గదొక్కటే అడుగు."

కళ్ళు మూసుకున్నాను. ఎంత వెతికినా ఒక్క బరువైన మాట కూడా దొరకలేదు. "ప్రభువా, అవ్వ మంచిగై ఇంటికి రావాలె," అన్నాను. అంతే. ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో నేను దేవుడితో మాట్లాడటం అదే మొదటిసారి.

నెల తిరక్కముందే అవ్వ ఇంటికి వచ్చింది. అది ప్రార్థన వల్లనా, డాక్టర్ల వల్లనా అని పెద్దమ్మను అడిగితే, "ఇద్దరికీ దండం వెట్టు" అంది.

ఇప్పుడు మా మనవలకు ప్రార్థన నేర్పే వంతు నాది. నాకింకా మనుషుల మీద కోపం వస్తూనే ఉంటుంది. అలాంటి మనిషి పేరు ప్రార్థనలో నోటి దాకా వస్తే ఆగుతాను. వాళ్ళింట్లో ఏం జరుగుతోందో ముందు కనుక్కుంటాను. కొన్నిసార్లు అది తెలియడానికి రోజులు పడుతుంది. అన్నాళ్ళూ నా ప్రార్థన సగంలోనే ఉంటుంది. అలా ఉన్నా దేవుడేమీ అనుకోడని నాకు ధైర్యం.