బీము కట్టినట్టు కట్టిన సైకిల్

2023లో వానలు వెనకబట్టిన రోజులవి. ముంబై దగ్గరి భివండీలో, నిజాంపురా పేటలో నాకొక సైకిల్ దుకాణం ఉంది. దుకాణమని పేరే గాని, షట్టర్ ఎత్తితే నేను కూర్చునే పీట, గోడకు వేలాడే టైర్లు, ఒక ఎయిర్ పంపు, అంతే చోటు. కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు, అంటే పవర్‌లూములు, నడిపే మావాళ్లందరికీ ఒకప్పుడు సైకిలే బండి. షిఫ్టు మారే వేళకు పంక్చర్లు అంటించుకోవడానికి వరస కట్టేవాళ్లు. ఇప్పుడు ఆ సందడి లేదు, పిల్లల గేర్ సైకిళ్లతో పొట్ట గడుస్తోంది. ఠాణేలో ఒక పెద్ద సైకిల్ షాపులో చాలాకాలం మెకానిక్‌గా పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి, ఖరీదైన సైకిల్ ఏదైనా కొనాలనుకుంటే మా పేటవాళ్లు ముందు నా దగ్గరికే వస్తారు. అలా వచ్చిన సైకిళ్లలో నేను మరిచిపోలేనిది రవళి సైకిల్.

రవళి తండ్రి లింగయ్య జాబర్. సాంచె ఆగిపోతే విప్పి, బాగుచేసి మళ్లీ నడిపించే మేస్త్రిని మా దగ్గర జాబర్ అంటారు. నన్ను తమ్మీ అని పిలుస్తాడు, ఆ వరసన రవళికి నేను కాకను. ఆ పిల్ల మాన్కోలి గోదాములో పార్సిళ్లు కడుతూ ట్రయాథ్లాన్ పోటీలకు తయారవుతుండేది. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేయాల్సిన పోటీ అది. రోజంతా గోదాములో నిలబడ్డది చాలక మళ్లీ ఈ పరుగులేంది పిల్లా అని నేను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

ఈతలో, పరుగులో ఆమెను అందుకునేవాళ్లు తక్కువ. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి అందరూ దాటిపోయేవాళ్లు. దాటిపోక ఏం చేస్తారు, ఆమె తొక్కేది నేను అతుకులేసి ఇచ్చిన ఇనుప సైకిల్. ఆ చలికాలంలో రాష్ట్ర జట్టు ఎంపిక ఉంది. జట్టులో చోటు దొరికితే ఆటల కోటాలో ఉద్యోగానికి దారి పడుతుంది, వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరి అవకాశం అని కోచ్ చెప్పాడట. అదే సమయానికి ఠాణేలో ఒకాయన మోకాలు దెబ్బతిని పోటీలు మానేసి, తన సైకిల్ అమ్మకానికి పెట్టాడు. రవళి ఫోన్‌లో దాని ఫొటోలు తెచ్చి నాకు చూపించింది.

ట్రయాథ్లాన్ సైకిల్‌ను ఎప్పుడూ చూడనివాళ్లకు అది సగం చేసి వదిలేసినట్టు కనిపిస్తుంది. మడ్‌గార్డు ఉండదు, బెల్లు ఉండదు, స్టాండు కూడా ఉండదు. హ్యాండిల్ మీద ముందుకు పొడుచుకొచ్చిన రెండు కడ్డీలుంటాయి, వాటిని ఏరో బార్లు అంటారు. మోచేతులు వాటి మీద ఆనించి, వీపు వంచి తొక్కితే ఎదురుగాలి తక్కువ తగులుతుంది. ఫ్రేమ్ కార్బన్‌ది. కొత్తది కొనడం మా పేటలో ఎవరి వల్లా కాదు. పాతది కూడా లింగయ్య ఎత్తిన చిట్టీ మొత్తం పెడితే గాని వచ్చేది కాదు.

అందుకే లింగయ్య ఒక్కడే ఒకరోజు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఒక్క చేత్తోటి లేస్తదట తమ్మీ. గంత తేల్కగుంటే దాంట్ల ఏమున్నట్టు?" అన్నాడు. ఆయన అనుమానం ఆయనది. పాత సాంచె కొనేటప్పుడు మావాళ్లు ముందు చూసేది బరువే. పోత ఇనుము ఎంత బరువుంటే అంత నమ్మకం. నడిపి చూస్తారు, చెయ్యి ఆనించి అదురు ఎంతుందో చూస్తారు. ఎక్కడైనా పగులున్నా భయపడరు, పట్టీ వేసి బోల్టులు బిగిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ సైకిల్‌కు ఆ తేలికే విలువ, తేలికైనా ఇనుము కంటే గట్టిది అని నేను చెప్పాను. కొనొచ్చో వద్దో ఫొటోలు చూసి చెప్పలేననీ, విప్పి చూడాలనీ కూడా చెప్పాను. ఆ ఠాణే ఆయన మంచివాడు. పైసా అడ్వాన్స్ అడక్కుండా, తీసుకెళ్లి మీ మెకానిక్‌కు చూపించుకోండి, నచ్చితేనే కొనండి అన్నాడు. జాగ్రత్తగా తీసుకురమ్మని లింగయ్యకు మరీ మరీ చెప్పి పంపాను.

ఠాణేలో బట్ట మూటలు దించి ఖాళీగా తిరిగొచ్చే టెంపో ఒకటి మాట్లాడుకుని లింగయ్య ఆ సైకిల్ తెచ్చాడు. దాన్ని టెంపో కటకటాలకు ఆనించి, బీము కట్టినట్టు కట్టాడు. బీమంటే సాంచెకు ఎక్కించే నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలు. దాన్ని బండిలో కట్టే పద్ధతి వేరే ఉంటుంది. తాడు చుట్టి, మధ్యలో ఇనుప కడ్డీ దూర్చి, తాడు కర్రలాగా గట్టిపడేదాకా మెలి తిప్పుతారు. మా గుంతల రోడ్ల మీద బీము జారితే కాళ్లు నుజ్జవుతాయి. అలా జారిన బీము కింద పడ్డ మనిషిని లింగయ్య కళ్లారా చూశాడు. జాగ్రత్త అంటే ఆయనకు తెలిసింది అదే. రంగు గీసుకుపోకుండా తాడు కింద గోనెసంచి కూడా మడిచి పెట్టాడు. "ఠాణే నుంచి గింత గూడ కదల్లే తమ్మీ" అని సంబరంగా చెబుతూ కడ్డీ మెలి విప్పాడు.

రవళి గోదాము నుంచి నేరుగా వచ్చింది, మెడలో ఐడీ కార్డు కూడా తీయలేదు. నేను చక్రాలు విప్పాను. రిమ్ములు నిటారుగా తిరిగాయి, బేరింగులు కొత్తవాటిలా ఉన్నాయి, గొలుసు అరగలేదు, ముందు ఫోర్క్ బాగుంది. ఒక్కొక్కటీ బాగుందని చెబుతుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నిజం చెప్పాలంటే నాకూ ఆనందంగానే ఉంది. ఇంత మంచి సైకిల్ నా దుకాణంలోకి రావడం అదే మొదటిసారి.

చివరగా ఫ్రేమ్. కార్బన్ ఫ్రేమ్‌ను నాణెంతో మెల్లగా తడుతూ పోతాం, దీన్ని ట్యాప్ టెస్ట్ అంటారు. లోపల బాగుంటే ఖంగున పలుకుతుంది, దెబ్బ తిని ఉంటే మొద్దుగా, తడిసిన అట్టను కొట్టినట్టు పలుకుతుంది. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య అడ్డంగా ఉండే గొట్టాన్ని టాప్ ట్యూబ్ అంటారు. దాని మీద తాడు కట్టిన చోట నాణెం మొద్దుగా పలికింది. లైటు దగ్గరికి జరిపి చూశాను. గొట్టం రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయింది. అక్కడి నుంచి వెంట్రుకంత పగులు ముందుకు పాకి, హ్యాండిల్ కింది అతుకులో కలిసింది. పగులు అంచుల్లో మురికి లేదు, తెల్లగా, కొత్తగా ఉంది. దాంట్లో నీలం రంగు తాడు పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

ఇది పాత పగులని నేను అనొచ్చు. అంటే సైకిల్ తిరిగి ఠాణే పోతుంది, చిట్టీ డబ్బు ఇంట్లో ఉంటుంది. నేను నోరు తెరవకముందే లింగయ్య వంగి ఆ పోగును గోటితో తీశాడు.

"నేను కట్టినకాన్నే గదా" అన్నాడు.

అవునన్నాను. మనిషి ఎక్కి తొక్కే బరువు ఎంతైనా మోస్తుంది గాని పక్కల నుంచి పిసికితే కార్బన్ ఓర్చుకోదని చెప్పాను. ఆయనకు అది తలకెక్కలేదు. ఇనుము కంటే గట్టిదంటివి గదా అన్నాడు. అప్పుడు చెప్పాను, ఇది లోహం కాదన్నా, సన్నటి నల్ల పోగులు నేసిన బట్ట, దాన్ని జిగురులో తడిపి అచ్చులో ఆరబెట్టి గొట్టం చేస్తారు అని. లింగయ్య ఆ గొట్టం మీద చెయ్యి పెట్టాడు. "బట్టనా?" అన్నాడు. "బట్ట అని ఎరుకుంటే నేను గట్ల కడుదునా తమ్మీ?" పుట్టినప్పటి నుంచి బట్టలోనే బతికిన మనిషి అడిగిన మాట అది.

ఉన్నది ఉన్నట్టు ఠాణే ఆయనకు చెప్పి వెనక్కి ఇచ్చేద్దాం, ఆయన అర్థం చేసుకుంటాడు అన్నాను. లింగయ్య వినలేదు. సాంచాల ఖానాలో ఒక రివాజు ఉంది. ఏ జాబర్ చేతిలో పురుజు, అంటే సాంచె విడిభాగం, విరిగితే అది ఆ జాబర్ ఖాతాలోదే. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అలా బతికిన మనిషి మరోలా చేయడు. ఫోన్ చేసి, బజారు హిందీలో జరిగిందంతా చెప్పి, సైకిల్ మేమే తీసుకుంటున్నామన్నాడు. అవతలాయన వద్దన్నాడు, తర్వాత కొంత తగ్గించాడు. ఆయన మంచివాడు కావడం వల్ల తిట్టుకోవడానికి కూడా మాకు ఒక మనిషి దొరకలేదు.

రవళి ఒక్క మాటే అంది: "కొనకు బాపు. గీ పైసలు పోతే ఇంకో సైకిల్ రాదు." అప్పటికే లింగయ్య ఠాణే ఆయనకు మాటిచ్చేశాడు. ఆ రోజు ఇద్దరిలో ఒక్కరైనా ఏడిస్తే బాగుండుననిపించింది.

కార్బన్ అతికేవాళ్లు ముంబైలో ఉన్నారు. నాకు తెలిసిన ఒకాయనకు ఫొటోలు పంపాను. గొట్టం మధ్యలో అయితే పూచీ ఇచ్చేవాణ్ని, పగులు ముందు అతుకులోకి పోయింది కాబట్టి పోటీ వేగంలో అది నిలుస్తుందని చెప్పలేను అన్నాడు. దిగుడు రోడ్డు మీద హ్యాండిల్ ఊడి చేతికొస్తే మనిషి దక్కదు. ఎంపిక పోటీకి రవళి పోలేదు. ఇనుప సైకిల్ మీద పోయినా లాభం లేదని కోచ్ కంటే ముందు ఆమెకే తెలుసు. గోదాములో ఓవర్‌టైమ్ రాయించుకుంది. ఈత మానేసింది, పొద్దున పరుగూ మానేసింది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం రవళి ఫోన్ చేసింది. "కాకా, బాపు సైకిల్ పట్టుకొని నీకాడికి వస్తుండు. మంచిగైందని మాత్రం అనకు. నువ్వు అన్నవంటే బాపు కోసం నేను ఎక్కుత" అని పెట్టేసింది.

కాసేపటికి లింగయ్య వచ్చాడు. ఈసారి టెంపో లేదు, తాడు లేదు. వీధుల వెంట సైకిల్‌ను పసిపిల్లను నడిపించినట్టు సీటు పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. పగిలిన చోట బట్ట చుట్టి ఉంది. తాను బాగుచేసే సాంచె మీద నేసిన తెల్ల బట్టను సన్నని పట్టీలుగా కత్తిరించి, జిగురులో తడిపి, ఒక వరస మీద ఒక వరస ఏటవాలుగా చుట్టి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పైన నల్ల రంగు వేశాడు. ఎక్కడా ముడత లేదు, అంచు లేవలేదు. "బట్టనే అంటివి గదా తమ్మీ. ఒక్కసారి సూడు" అన్నాడు.

సైకిల్‌ను రిపేరు స్టాండుకు ఎక్కించి, లైటు వేసి, కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాను. జవాబు నాకు ముందే తెలుసు, రవళి చెప్పకపోయినా తెలుసు. అయినా ఆ చుట్లన్నీ వేలితో తడుముతూ వరసగా చూశాను. తర్వాత "పనికిరాదన్నా" అని చెప్పాను. ఆయన తలూపి సైకిల్ దించుకున్నాడు.

కొనొచ్చా అని అడిగినవాళ్లకు కొనొచ్చనో వద్దనో చెప్పి పంపడమే నా పని అని అంతకుముందు అనుకునేవాణ్ని. వద్దని చెప్పడం ఒక్కసారితో తీరిపోదని లింగయ్య వల్ల తెలిసింది. చూడడానికి ఏమీ మిగలని వస్తువునైనా, ఒక మనిషి ఆశపడి బాగుచేసి తెచ్చినప్పుడు కూర్చుని ఆసాంతం చూడాలి. చూసిన తర్వాత కూడా అదే మాట చెప్పాలి.