జూరకాన్ పలకని పేరు

మా పిన్ని జూరకాన్ గురించి ఇంటర్నెట్లో ఒక కథ తిరుగుతోంది. పక్కన ఆవిడ ఫొటో. నెత్తిన తెల్ల రుమాలు, ఒళ్ళో ఎరుపూ నలుపూ తివాచీ. ఆ కథలో అబద్ధాలు మూడు. మూడూ టైపు చేసింది నేనే. ఇప్పుడు తీసేద్దామంటే ఆ పేజీ నా చేతిలో లేదు. అందుకే ఇది రాస్తున్నాను, ఒళ్ళు మండి.

నారిన్ పట్నం పైన కొండల్లో మా ఊరు. పిన్ని పద్దెనిమిదేళ్ళు బడి వంటగదిలో గంజి కలిపింది. ఇంటికి రాగానే చెయ్యి ఆరకముందే ఉన్ని మీద పడేది. మావాళ్ళు ఉన్నిని పరిచి, వేడినీళ్ళు పోసి, రెల్లు చాపలో చుట్టి, తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. అలాంటివి రెండు, రంగు వేరైనవి, ఒకదానిమీద ఒకటి వేసి, సుద్దతో ముగ్గు గీసి, కత్తితో రెండింటినీ ఒకేసారి కోస్తారు. ఎర్రదాంట్లోంచి వచ్చిన పొట్టేలు కొమ్ము నల్లదాంట్లో కూర్చుంటుంది, నల్లది ఎర్రదాంట్లో. ఒక్క కోతకి రెండు తివాచీలు. వాటిని షిర్దాక్ అంటాం. ప్రతి షిర్దాక్‌కీ రంగు తిరగేసిన కవల ఒకటి ఎక్కడో ఉండి తీరుతుంది.

కోసేది ఒక్కరే. ఆ చెయ్యి ఒణికితే రెండు తివాచీలూ పోయినట్టే. కుట్టేది మాత్రం వాడకట్టంతా. పిన్ని కోస్తే ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ కూచుని కుట్టేవాళ్ళు, మధ్యలో టీ, నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు, ఊళ్ళో అందరి గుట్టూ. తొక్తొబూబూ అని ఒకావిడ ఉంది. ఆవిడ సూది కంటే నాలుక పదును. నేను కాలేజీ మానేసి రాజధాని బిష్కెక్ నుంచి దిగిన రోజున పదిమందిలో అడిగింది, "ఏంరా బెక్తూర్, చదువు నిన్నొదిలిందా, నువ్వే చదువునొదిలావా?" అని. అందరూ నవ్వారు. నానమ్మ నవ్వలేదు. కుట్టు మీద వేలు పెట్టి నడుపుతోంది. ఆవిడకి చూపు పోయి నాలుగేళ్ళయింది, అయినా వేలితో తప్పు పట్టేస్తుంది.

పిన్నికి కోత నేర్పింది మా నానమ్మే. పెళ్ళై వచ్చిన మూడో ఏడు తన కత్తి తీసి నేలమీద పెట్టి, తీసుకో, అందిట. కూతుళ్ళు ముగ్గురుండగా కోడలికిచ్చింది. ఆ సంగతి ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళుగా చెప్పుకుంటారు.

పిన్నికి ఒకటే కోరిక, బడి గంజి మానేసి షిర్దాక్ మీదే బతకాలని. పోయిన శీతాకాలంలో మానేసింది కూడా. ఇక వెనక్కి పోడానికి లేదు, ఆ గరిటె ఇంకొకరి చేతికెళ్ళిపోయింది. అప్పుడొచ్చింది ఐజాదా. బిష్కెక్‌లో ఏదో కేంద్రం తరఫున చేతిపనులవాళ్ళకి వ్యాపారం నేర్పే మనిషి. ఊరి క్లబ్బులో కుర్చీలు వేయించి మూడు రోజులు చెప్పింది. సరుకు అందరి దగ్గరా ఉంటుంది ఎజే, కథ మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది, మీ జీవితం చెప్పండి, తివాచీ దానంతటదే అమ్ముడుపోతుంది అని. ఎజే అంటే మాలో అక్క. అందర్నీ ఎజే అని పిలిచి చేతులు పట్టుకునేది. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. నాకు టైపింగ్ వచ్చని పక్కన కూచోబెట్టుకుంది.

పిన్ని రెండు గంటలు చెప్పింది. అంతసేపు ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మొదటి కోత ఎలా పాడు చేసిందో, పెద్దావిడ తిట్టకుండా ఆ ముక్కలతోనే గుర్రం జీను కింద పరిచే గుడ్డ ఎలా కుట్టించిందో, ముగ్గు గీయకముందు కళ్ళు మూసుకుని చూడమని ఎలా నేర్పిందో. మాట మాటకీ "పెద్దావిడ", "మా పొయ్యి దగ్గరావిడ". ఐజాదా ఆపింది. ఆవిడ పేరేమిటి ఎజే, అంది. పిన్ని తలొంచుకుంది. మా కోడళ్ళు అత్తమామల పేర్లు పలకరు. పాతకాలం అనండి, ఏమైనా అనండి, పిన్ని నోట ఆ పేరు ఒక్కసారి రాలేదు. ఐజాదాది నగరం, ఆవిడకిది తెలియదని కాదు, ఇంకా పట్టింపు ఉందనుకోలేదు.

పిన్ని టీ తేవడానికి లేచాక ఐజాదా నావైపు తిరిగింది. పేరు నాకు తెలుసు. మనవణ్ణి, నాకే అడ్డూ లేదు. నోరు తెరిచేలోపు ఆవిడే అంది.

"వదిలెయ్ బెక్తూర్. కథలో ఒక్క మనిషే ఉండాలి. ఇద్దరుంటే జనానికి ఎవరిని చూసి ఏడవాలో తెలీదు. తనంతట తానే నేర్చుకుంది, ఒక్క చేత్తో చేస్తోంది అని రాయి."

రాశాను.

బాబాయి రష్యాకి కూలికి వెళ్ళి రెండేళ్ళకి తిరిగొచ్చాడు. వెళ్ళడం వరకే రాయమంది. తిరిగొచ్చాడుగా అంటే, తిరిగొస్తే కథేముంది, అంది. రాశాను. ఇలాంటి తివాచీ లోకంలో ఇంకొకటి లేదు అని రాయమంది. కవల ఉంటుందని చెప్పాను, కొనేవాడికి ఎందుకది అంది. అదీ రాశాను. నా మొహానికి పని దొరికిందన్న సంబరంలో ఉన్నాను. ఆ సంబరాన్ని తల్చుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అచ్చేసిన కార్డులు మే నెలలో వచ్చాయి. నున్నటి కాగితం, పిన్ని ఫొటో, కింద నేను టైపు చేసిన కథ; అదే కేంద్రం వాళ్ళ ఇంటర్నెట్ పేజీలోనూ పెట్టారు. ఆగస్టులో బిష్కెక్ సంతలో పెద్ద షిర్దాక్ పెట్టి పిన్ని వేదిక మీద ఆ కథే చెప్పాలి. బయటి దేశాల కొట్లవాళ్ళు వస్తారట. ఆరుగురూ కుడుతుండగా తొక్తొబూబూ కార్డు లాక్కుని పైకి చదివింది. మొదట నవ్వుతూనే. బాబాయి వెళ్ళిపోయి తిరిగి రాలేదన్న చోట, మరి పొద్దున పాలు తెచ్చిచ్చింది ఎవరమ్మా, దెయ్యమా, అంది. అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాతి వాక్యం దగ్గర గొంతు మారింది. ఒంటరితనంలో ఒకనాడు తనే కత్తి పట్టింది, ఎవరూ నేర్పలేదు, ఒక్క చేత్తో ఈ తివాచీలన్నీ...

నానమ్మ అక్కడే ఉంది. వేలు కుట్టు మీద ఆగిపోయింది. చేత్తో తడుముకుంటూ పిన్ని పక్కనున్న కత్తి తీసుకుని, రుమాల్లో చుట్టి, లోపలికెళ్ళింది. పెట్టె మూత పడిన చప్పుడు అందరం విన్నాం.

తొక్తొబూబూ సూది కుట్టులోంచి లాగి రొమ్ము మీద బట్టకి గుచ్చుకుంది. "ఒక్క చేత్తో చేసుకుంటుందిగా. మనమెందుకు అడ్డం, లేవండే."

పిన్ని కార్డు చదివింది అప్పుడే. నేను ముందు చూపించలేదు. నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. "నువ్వు పక్కనే ఉన్నావు కదరా" అంది, అంతే.

ఆ మాట చురుక్కున దిగింది. ఐజాదాకి ఫోన్ చేసి అరిచాను. మార్చమన్నాను. అచ్చయిపోయాయి తమ్ముడూ, పేజీకి స్పందన బాగుంది, ఇప్పుడు కదిపితే పోతుంది, అయినా అబద్ధమేముంది, ఆవిడ పేరు చెప్పలేదుగా, అంది. ఎంత మెత్తగా చెప్పిందంటే, ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. చెప్పలేదు కాబట్టి లేదట. పలకకపోవడమే గౌరవం అని ఎవడికి తెలుసు ఆ కేంద్రంలో.

పెద్ద షిర్దాక్ కోత అయిపోయింది గానీ కుట్టు సగం కూడా కాలేదు. ముక్కలు కలిసేచోట పురి తాడు వేసి కుట్టాలి, అడుగున దళసరి ఉన్ని వేసి మొత్తం సూదితో పొడిచి కుట్టాలి. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. పిన్ని ఒక్కతే కూచుంది. జూన్, జులై. ఊరంతా మందలతో పచ్చిక కొండలెక్కింది, ఆవిడ కదల్లేదు. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని కుట్టేది, గుడ్డ ఎర్రబడితే మార్చేది. పొద్దునా సాయంత్రం నానమ్మకి టీ తీసుకెళ్ళి ముందు పెట్టేది. నానమ్మ తాగేది. మాట లేదు. ఈ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళలో ఆ ఇద్దరూ గొడవపడింది లేదు. ఇప్పుడూ పడలేదు, అదే భరించలేకపోయాను. నేను కుట్టనా అంటే, నీ చేతికి టైపే నప్పింది, అంది పిన్ని.

ఆగస్టులో వ్యానెక్కి బిష్కెక్ వెళ్ళాం. షిర్దాక్ మూడో వంతు కుట్టు పడకుండా అలాగే ఉంది, అంచుల్లో దారాలు వేలాడుతున్నాయి. మిట్టమధ్యాహ్నం, చౌకు నిండా జనం. ఐజాదా తివాచీ చూసి మొహం మాడ్చుకుంది. వెంటనే నవ్వేసి, పర్లేదు, అసంపూర్తి కూడా కథే, ఒంటరిగా పోరాడుతున్నారని చెప్పండి, అంది. దానికీ ఒక వాక్యం ఉంది ఆవిడ దగ్గర. దేనికైనా ఉంటుంది.

పిన్నిని వేదిక ఎక్కించారు. మూడు నిమిషాలు. రాసిచ్చిన కాగితం చేతికిచ్చారు. పిన్ని దాన్ని మడిచి నడుముకి దోపుకుంది.

"కార్డులో ఉన్నది నా కథ కాదు" అంది. మైకు కీచుమంది, ఆగింది. "మా ఆయన తిరిగొచ్చాడు. ఇప్పుడు గొర్రెల దగ్గరున్నాడు. దీని కవల మా ఇంట్లో ఉంది. ఇది పూర్తి కాకపోవడానికి కారణం, కుట్టేవాళ్ళు లేచిపోయారు. లేచిపోవడం న్యాయం."

ఎవరో నవ్వారు. ఐజాదా కిందనుంచి చేయి ఊపుతోంది. పిన్ని ఆరుగురి పేర్లూ చెప్పింది, తొక్తొబూబూది ముందు. తర్వాత ఆగింది.

"కత్తి నాకిచ్చినావిడ పేరు నా నోట రాదు. మా బావగారి కొడుకు అక్కడున్నాడు. వాడికి హక్కుంది. ఒరేయ్, చెప్పు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెప్పు."

అంతమందీ నావైపు తిరిగారు. సెయిల్‌కాన్, అని అరిచాను. మైకు లేదు నాకు. మళ్ళీ అరిచాను. మా నానమ్మ పేరు సెయిల్‌కాన్, ఈ ముగ్గు ఆవిడది, చెయ్యి పిన్నిది. గొంతు బొంగురుపోయింది. మూడు నిమిషాలయ్యాయని మైకు తీసేశారు.

కొట్లవాళ్ళు పక్క బల్లకెళ్ళారు. అక్కడ ఒకమ్మాయి ఏడుస్తూ ఏదో చెబుతోంది, ఐజాదా రాసిందే అయ్యుంటుంది. మాది ఎవరూ కొనలేదు. ఒకావిడ మాత్రం, నారిన్ మనిషేనట, వేలాడే దారాలు పట్టుకుని చూసి, మిగతాది ఆ ఆరుగురే కుడితే నాకు కబురు పెట్టండి, అని నంబరిచ్చి వెళ్ళింది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ గుమ్మంలో కూచుని ఉంది. కొండమీంచి ఊరంతా దిగింది, మాకంటే ముందు ఫోన్లలో వీడియో వచ్చేసింది. తొక్తొబూబూ వినిపించిందట. నానమ్మ నన్ను పిలిచింది, పిన్నిని కాదు.

"మైకులో అరిచావా?"

"మైకు ఇవ్వలేదు నానమ్మా. ఉత్తినే అరిచాను."

"వినపడింది" అంది. లోపలికెళ్ళి, రుమాలు విప్పి, కత్తి తెచ్చి షిర్దాక్ మీద పెట్టింది. చేతికివ్వలేదు. మొదటిసారి పెట్టినట్టే పెట్టింది. పిన్ని అక్కడే మోకాళ్ళ మీద కూలబడి మొహం దాచుకుంది.

మర్నాడు తొక్తొబూబూ వచ్చింది, మిగతా ఐదుగురూ వెనకాల. పిన్ని ఒక్కతే వేసిన కుట్టు చూసి, ఇది కుట్టా, కోడి గీకిందా, అని సగం విప్పించింది. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నెలకి ఒక జత వెళ్తోంది, ఎక్కువగా మావాళ్ళకే. కార్డు లేదు. వెనకవైపు గుడ్డ పట్టీ ఉంటుంది, దాని మీద కుట్టినవాళ్ళ పేర్లు, కవల ఎవరింట్లో ఉందో ఆ ఊరి పేరు. కొనేవాళ్ళు కవల ఇంటికి ఫోన్ చేసుకుంటున్నారట, ఒకళ్ళిద్దరు టీకి కూడా వెళ్ళారట. పిన్ని బడి గంజికి పోనక్కర్లేకుండా బతుకుతోంది, అంతవరకే. ఆ పేజీ మాత్రం అలాగే ఉంది. మొన్న ఐజాదా ఇంకో ఊళ్ళో దాన్ని మంచి ఉదాహరణగా చూపించిందని తెలిసింది. బాబాయి ఇప్పటికీ అందులో రష్యాలోనే ఉన్నాడు. చదివిన ప్రతిసారీ పళ్ళు నూరుకుంటాను.

పట్టీ మీద పేర్లన్నీ పిన్ని కుడుతుంది, ఒక్కటి తప్ప. నోటితో పలకనిది సూదితో ఎలా పలుకుతాను అంటుంది. పై వరస ఖాళీగా వదిలి నావైపు తోస్తుంది. అది నా పని. మొదటి పట్టీ పూర్తి చేయడానికి ఒక పూటంతా పట్టింది, వేలికి నాలుగు పోట్లు. తీసుకెళ్ళి నానమ్మ ఒళ్ళో పెట్టాను. తన పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం నడిపింది. చివరికొచ్చి ఆగింది.

"వంకర" అంది. "విప్పు. మళ్ళీ కుట్టు."