ఆయ్ అన్నవాడిదే పెట్ట

ముక్తేశ్వరం నుంచి రాజోలు దాకా పాట పాడడంలో నన్ను కొట్టినవాడు లేడు. గొంతెత్తి పాడే పాట కాదండోయ్. ఆ పాట సంగతి మా చర్చిలో పాడే బృందాన్ని అడగండి, నన్ను పెదాలు మాత్రం కదిపి ఊరుకోమని బతిమాలి ముప్పై ఏళ్లయింది. నేను చెప్పేది వేలంలో పాడే పాట. అటువైపు ఐదుగురు చేయి తిరిగిన పాటగాళ్లు, ఇటువైపు నేనొక్కణ్ణి. నా నోట్లోంచి వచ్చింది ఒకే ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఐదుగురినీ కూర్చోబెట్టి, ఒక కోడిపెట్టను చంకన పెట్టుకుని లేచాను. ఆ పెట్టకు నేను పోసిన డబ్బుతో పాలిచ్చే గేదె వచ్చేది.

రెండేళ్లుగా ఊళ్లో నేను చెప్పుకుంటున్న కథ ఇది. బాగానే చెలామణీ అయింది. ముప్పై ఏడేళ్లు బళ్లో పాఠాలు చెప్పినప్పుడు ఒక్కడూ సందేహం అడిగిన పాపాన పోలేదు. ఈ కోడిపెట్ట తర్వాత మాత్రం మా అరుగు ఖాళీగా ఉండడం లేదు. పాత స్కూటరు కొనబోయేవాళ్లు, కొబ్బరితోట కౌలుకి అడగబోయేవాళ్లు, కూతురి పెళ్లికి ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు బేరమాడబోయే ఆవిడ, అందరూ ముందు నా దగ్గరికే.

"మాస్టారండీ, మొదటి మాట ఎంతనాలండీ?"

"అవతలివాడు నవ్వకూడదు, ఏడవకూడదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట అను."

"మనకి బాగా నచ్చేసిందనుకోండి?"

"దానివంక చూడకు. పక్కదాన్ని చూస్తూ దీని ధర అడుగు."

"ఎక్కడ ఆగాలండీ?"

"ఇంటి దగ్గర చెప్పులేసుకునేటప్పుడే ఒక అంకె అనుకో. అది దాటిందా, మంచినీళ్లకని లేచిపో."

"పోటీకి వచ్చింది మనవాళ్లేననుకోండి, అప్పుడో?"

ఈ ప్రశ్న దగ్గర మాత్రం నాకు దగ్గు వస్తుంది. లోపలినుంచి మా ఆవిడ మంచినీళ్ల గ్లాసుతో వస్తుంది. గ్లాసు ఇచ్చి వెళ్లదు, నేనేం జవాబు చెబుతానో వినడానికి గుమ్మంలోనే నిలబడుతుంది. ఆ దగ్గు ఎందుకొస్తుందో ఇప్పుడు రాస్తాను.

వరి కోతలయ్యాక మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి దొడ్లో కాసింది, ఎవరి ఇంట్లో పెరిగింది వాళ్లు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. అరటిగెలలు, గుమ్మడికాయలు, కంద, కొబ్బరికాయలు, కోళ్లు, గుడ్లు. ఆరాధన ముగిశాక వాటన్నిటినీ ఆవరణలో షామియానా కింద వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. ఒక్కసారి బల్ల ముందు పెట్టిన కానుకను, పెట్టినవాడే వచ్చి అడిగినా వెనక్కివ్వరు. అంతగా కావాలంటే అందరితో పాటు కూర్చుని పాడుకోవలసిందే.

రెండేళ్ల కిందటి పండుగ పూట మా ఆవిడ, పువ్వులు అలంకరించాలని తన వదినతో కలిసి పొద్దున్నే చర్చికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "గంప కింద నల్లపెట్టను మూసి పెట్టేనండి. దాన్ని పట్టుకురండి. నల్లది" అని రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ "ఆయ్" అన్నాను. అని, పొరపాటున ఎర్రపెట్టను పట్టుకెళ్లాను.

పొరపాటున అన్నాను కదా. అది మా ఆవిడకు చెప్పిన మాట. మీ దగ్గర దాచడమెందుకు? గంప ఎత్తి చూస్తే నల్లపెట్ట మెడ దగ్గర ఈకలూడి, జ్వరం తగిలి లేచినదానిలా ఉంది. మాస్టారి కానుక ఇదా అని అంటారేమోనని నామోషీ వేసింది. సరిగ్గా అప్పుడే వంటగది వెనకనుంచి ఎర్రపెట్ట బయటికి వచ్చింది. ఒళ్లంతా ఈకలు విచ్చుకుని, నిండు కుండలా ఉబ్బి, ఇంతేసి పెట్ట. దేవుడికి ఇస్తే ఇలాంటిది ఇవ్వాలి అనుకున్నాను. అనుకున్నది దేవుడి పేరే గానీ, నా కళ్లలో మెదిలింది ముందు వరస కుర్చీల్లో కూర్చునే జనం.

గుడ్లు పొదుగుతున్న పెట్ట అలాగే ఉబ్బి కనిపిస్తుందనీ, రోజుకోసారి గింజలు తినడానికి మాత్రమే గుడ్ల మీంచి లేస్తుందనీ, నేనేమో ఆ కాసేపట్లోనే దాని రెక్కలు పట్టుకున్నాననీ నాకు తెలియదు. ఇది మాత్రం నిజం.

కానుకలు తెచ్చేవాళ్ల వరసలో పెట్టను చూపించుకుంటూ నడిచాను. ఇద్దరు ముగ్గురు "అబ్బో" అన్నారు కూడా. బల్ల పక్కన పువ్వులు సర్దుతున్న మా ఆవిడ మాత్రం అనలేదు. వెనక బెంచీ దాకా వచ్చి నా చెవిలో చెప్పింది.

"ఏవండీ, ఆ పెట్ట కింద పదకొండు గుడ్లున్నాయండి. ఇంక మూడ్రోజులే."

పెళ్లయిన కొత్తలో మా అత్తగారు రాజోలు నుంచి గంపలో పెట్టి ఒక పెట్టను పంపారు. అప్పటినుంచి మా దొడ్లో తల్లి తర్వాత పిల్ల, పిల్ల తర్వాత దాని పిల్ల, అదే వంశం నడుస్తోంది. అత్తగారు పోయారు. ఆ ఏడు వచ్చిన తెగులుకి కోళ్లూ పోయాయి. ఆ వంశంలో మిగిలింది ఈ ఎర్రపెట్ట ఒక్కటి, దాని కింది పదకొండు గుడ్లు. నల్లది ఆమధ్య సంతలో కొన్నది. ఇదంతా మా ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కరలేకుండా చూసింది.

"పొరపాటైపోయింది. ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాను.

"పెట్ట లేకుండా ఇంటికి రాకండి" అంది. ప్రసంగం సాగుతుండగానే పక్క తలుపులోంచి వెళ్లిపోయింది.

వేలం వేసేది మా సంఘపెద్దగారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన దాన్ని వదల్లేదు. మగవాళ్లం ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నాం. నడుమ అరటిగెలలు గుట్టగా పేర్చారు. అటువాళ్లు ఇటు కనబడరు, ఇటువాళ్లు అటు కనబడరు. బెంచీ ఎక్కి నిలబడ్డ సంఘపెద్దగారికి మాత్రం అందరూ కనబడతారు. ఆయనకి కళ్లు చురుకు. చెవులే కాస్త మందం.

పెట్ట వంతు రాకముందే కొత్తపేటలో బిర్యానీ పాయింటు నడిపే పెద్దమనిషి ఒకాయన లేచి, దాని కాళ్లు పట్టుకుని పైకెత్తి బరువు చూశాడు. "రెండు కేజీలకి తగ్గదండి" అన్నాడు. ఆయన ఎత్తింది పెట్టను, జారింది నా గుండె. ఎనిమిది వందలు దాటకూడదని లోపల ఒక అంకె అనుకుని, నోరు తడి చేసుకుని సిద్ధంగా కూర్చున్నాను.

నా పక్కన, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా వీధాయన కూర్చున్నాడు. ఆయనకి అమలాపురంలో ఒక పాత కారు మీద మనసు పడింది. ఆ బేరం ఎలా ఆడాలో ఆ క్షణంలోనే, నా దగ్గరే తెలుసుకోవాలని ఆయన పట్టుదల.

బయటివాళ్ల కోసం ఒక మాట. మా కోనసీమలో ఆయ్ అంటే అవునండి అని. సరేనండి అని కూడా. వింటున్నానండి, తర్వాత చెప్పండి, ఇంక చాలు ఆపండి, ఇవన్నీ కూడా అదే. ఏది ఎప్పుడో విన్నవాడే తేల్చుకోవాలి.

"ఎర్రపెట్టండి, ఎక్కాలి, ఎక్కాలి! మూడొందలు!" అన్నారు సంఘపెద్దగారు.

"నాలుగొందలు" అన్నాడు బిర్యానీ ఆయన.

"ఐదొందలెవరండీ? ఐదొందలు?"

నేను నోరు తెరవబోయేంతలో పక్కాయన చెవిలో, "మాస్టారండీ, చెప్పినదాంట్లో సగానికి అడగమంటారా?" అన్నాడు.

"ఆయ్" అన్నాను, వదిలించుకోవడానికి.

"మాస్టారు ఐదొందలు!"

ఇదేదో బాగానే ఉందనుకున్నాను. అంతలో ఆడవాళ్లవైపు ఎవరిదో చెయ్యి లేచిందట. "ఆరొందలు, లేడీస్!" అన్నారు సంఘపెద్దగారు. బిర్యానీ ఆయన ఏడన్నాడు. చెయ్యి మళ్లీ లేచి ఎనిమిదయింది. "ఇంకా పెడితే పెట్టతో పాటు నన్నూ వండుకోవాలండి" అని ఆయన కూర్చున్నాడు.

నేను అనుకున్న అంకె అక్కడే అయిపోయింది. నేను అందరికీ చెప్పే ప్రకారం మంచినీళ్లకని లేచిపోవాలి. కానీ అటువైపు లేచిన చెయ్యి ఎవరిది? బిర్యానీ ఆయన భార్యదే అయి ఉంటుందని నాకు గట్టిగా తట్టింది. మొగుడు అలిసిపోతే పెళ్లాం అందుకుంది. నేను మంచినీళ్లకి లేస్తే పెట్ట డేగిసాలోకి పోతుంది.

"తొమ్మిదొందలెవరండీ?"

"కారు మీద మోజున్నట్టు కనబడకూడదు. అంతేనాండి?"

"ఆయ్."

"మాస్టారు తొమ్మిదొందలు! లేడీస్ వెయ్యి! పదకొండొందలెవరు?"

"అవతలివాళ్లు మన బంధువులే అయితే కాస్త చూసీచూడనట్టు పోవాలి కదండీ?"

"ఆయ్."

"మాస్టారు పదకొండొందలు!"

అటునుంచి చెయ్యి, ఇటునుంచి ఆయ్. ఇలా పదిహేనొందలు నా మీద ఉండగా చెయ్యి కాస్త తడబడింది. సంఘపెద్దగారు ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు. గెలిచేశానని నేను లేవబోతుంటే పక్కాయన నా చొక్కా పట్టుకుని లాగాడు.

"ఆఖరుదండి. మన మాట మీద మనమే పెంచేస్తే నవ్వుతారు కదండీ?"

"ఆయ్!"

"మాస్టారు పాట మీద మాస్టారే పదహారొందలు!"

షామియానా ఊగిపోయేలా నవ్వారు. పాదిరిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వుల్లో అటువైపు చెయ్యికి బలం వచ్చి మళ్లీ లేచింది. చివరికి ఇరవై నాలుగు వందల దగ్గర సంఘపెద్దగారు "మూడోసారి" అనడం మర్చిపోయి "రైట్ రైట్!" అన్నారు. పెట్ట నాది.

ఇదీ జరిగింది. ఐదుగురు పాటగాళ్లన్నది ఒక బిర్యానీ ఆయన, ఒక చెయ్యి. ఒకే ఒక్క మాట అన్నది నిజమే, ఎన్నిసార్లన్నది మాత్రం లెక్క లేదు. గేదె సంగతి కూడా చెప్పేస్తాను. ఆ డబ్బుకి గేదె రాదు. గేదెను కట్టే పలుపుతాడు, రెండు బస్తాల తవుడు వస్తే గొప్ప.

పెట్టను పట్టుకుని అరటిగెలల గుట్ట చుట్టూ తిరిగి ఆడవాళ్లవైపు వెళ్లాను. బిర్యానీ ఆయన భార్యకు ఒకసారి నా మొహం చూపించాలని. అక్కడ మొదటి కుర్చీలో మా ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఏదో పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని ఉంది. పక్కన వాళ్ల వదిన భుజం నొక్కుకుంటోంది.

"చెయ్యి లాగేస్తోందండి, అన్నయ్యగారూ. ఎంతసేపు ఎత్తించేరండీ బాబూ!" అంది ఆవిడ.

అప్పుడు తెలిసింది, ఇంతసేపూ నేను ఎవరి మీద పాడానో. మా ఆవిడ కొంగు తీసింది. ఒళ్లో వెదురుబుట్ట. బుట్టలో ఊక పోసి, నా పాత పంచె మడతలు వేసి, ఆ మడతల్లో పదకొండు గుడ్లు. ఇంటికెళ్లి వాటిని ఒళ్లో వెచ్చగా పెట్టుకుని వచ్చింది. చేతులు ఖాళీ లేక వదిన చేత చెయ్యెత్తించింది. నన్ను నమ్ముకుని కూర్చోలేదన్నమాట.

పెట్టను బుట్ట మీద దింపాను. అది ఒకసారి మా ముగ్గురినీ చూసి, ఈకలు దులుపుకుని, గుడ్లను ముక్కుతో లోపలికి జరుపుకుని కూర్చుంది. ఆటోలో ఇంటి దాకా మా ఆవిడ బుట్టనే చూస్తూ కూర్చుంది, నన్ను చూడలేదు. నాలుగోనాటికి తొమ్మిది పిల్లలు లేచాయి. అప్పటికి నాతో మాట్లాడింది.

అందుకే ఆ ప్రశ్నకి దగ్గు. పోటీకి వచ్చింది మనవాళ్లని తెలిస్తే ఎవరైనా ఆగుతారు. తెలియకపోవడం వల్లే కదా వచ్చిందంతా. పెంచుతున్నది ఆవిడని నాకు తెలియదు. పెంచుతున్నది నేనని పాపం ఆవిడకూ తెలియదు.

ఇంతవరకూ రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. కోడిపిల్లలకు నూకలు జల్లుతూ మొత్తం వింది.

"అంతా బాగానే ఉందండి. ఒకటే అబద్ధం" అంది.

"ఏది? గేదె సంగతి ఒప్పేసుకున్నాను కదా."

"గేదె కాదు. నాకు తెలీదని రాసేరు చూడండి, అది. సంఘపెద్దగారు మాస్టారు, మాస్టారని అరుస్తూనే ఉన్నారు కదా. ఆయన అరవకపోయినా, నలభై ఏళ్లబట్టి నేనేం చెప్పినా వినకుండా అనే ఆయ్ కదండీ అది, నాకు తెలీదా? మొదటిదానికే తెలిసింది. బిర్యానీ ఆయన కూర్చోగానే వదిన చెయ్యి దించేసింది కూడాను. నేనే ఎత్తమన్నాను. ఎవరు గెలిచినా పెట్ట మనింటికే కదా. నల్లదని రెండుసార్లు చెబితే, నీటుగా కనబడాలని ఎర్రదాన్ని పట్టుకొచ్చేరు. పొరపాటంట, పొరపాటు! ఒళ్లో గుడ్లు చల్లారిపోతున్నాయని ఆగేను గానీ, లేకపోతే మూడువేలు దాటించేదాన్ని."