చెరకాకు తాకిందని చెప్పిన కన్ను

మా అన్న చేతులు ఊరుకునేవి కావు. పాడైన స్ప్రేయరో ఆగిన మోటారో కనిపిస్తే విప్పి కూర్చునేవాడు. మళ్లీ బిగించాక రెండు నట్లు మిగిలేవి. అయినా నాకు మా అన్నంటే పిచ్చి నమ్మకం.

బోధన్ దగ్గర మా ఊళ్లో చెరకు తగ్గి మక్కజొన్న పెరిగాక అడవి పందులు చేల మీద పడ్డాయి. వాటిని బెదరగొట్టడానికి అన్న ఫోనులో చూసి ఒక గన్ను చేశాడు. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ ముక్కలు వేసి, కాసిని నీళ్లు పోసి, వెనక బిగించిన గ్యాస్ లైటర్ నొక్కితే చాలు, వాడ అదిరిపోయేది. పందుల సంగతేమో గానీ దీపావళికి ఇంటింటికీ ఆ గన్ను కావాలన్నారు. అందరికీ మా అన్నే చేసి ఇచ్చాడు. ఆ వారమే పంచాయతీ మైకులో చెప్పారు, ఆ గన్నులు దొరికితే కేసు పెడతామని. అన్న నవ్వాడు.

పండగనాడు సాయంత్రం మా వాకిట్లో అన్న రెండుసార్లు లైటర్ నొక్కినా గన్ను పేలలేదు.

"నీళ్లు దిగినయో లేవో జర సూడు చెల్లె," అన్నాడు.

నేను పైపు మూతికి కన్ను ఆనించి చూశాను. అన్న వేలు లైటర్ మీదే ఉంది. ఊరికే నొక్కి చూశానని తర్వాత చెప్పాడు. ఎందుకు నొక్కాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కుడికంట్లో నిప్పు పోసినట్టయింది. అన్న తన తువాలతో కన్ను తుడిచి, బండి మీద ఎక్కించుకుని బోధన్‌లో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టర్ ఏమైందని అడగగానే, నేను నోరు తెరవకముందే అన్న చెప్పాడు: "చెరుకు తోటలకు పోయింది సార్. ఆకు తాకింది."

మా దిక్కు డాక్టర్లకు చెరకాకు కోసిన కళ్లు కొత్త కాదు. అయినా ఆయన నా వైపు తిరిగి, "అంతేనామ్మా?" అని అడిగారు. అన్న నా భుజం నొక్కాడు. నేను తలూపాను. తప్పు అక్కడ నాది కూడా, కాదనను. మా అన్న నా కన్ను కంటే కేసును ఎక్కువ చూసుకుంటాడని ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు. డాక్టర్ చుక్కల మందు వేసి కట్టు కట్టారు. ఆ కట్టు కింద తెల్లవార్లూ కన్ను మండుతూనే ఉంది. మందు పనిచేస్తోందని అన్న సర్దిచెప్పాడు.

పొద్దున్నే నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడా అన్న ఆకు మాటే చెప్పాడు. డాక్టరమ్మ కట్టు విప్పి, రెప్ప తిరగేసి, దూదితో తెల్లటి ముద్ద తీసింది.

"చెరకాకులో సున్నం ఎక్కడిదమ్మా?"

ఈసారి నేనే చెప్పాను, పైపు, కార్బైడ్, లైటర్, అన్నీ. ఆమె సీసాల కొద్దీ సెలైన్‌తో కన్ను కడిగింది. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కార్బైడ్ నీళ్లలో తడిస్తే సున్నం అవుతుంది. రాత్రంతా లోపల కాల్చింది. నిన్న ఈ ముక్క చెప్పి ఉంటే వెంటనే కడిగేవాళ్లు. చూపు చాలావరకు దక్కేదేమో. ఇప్పుడు రాదమ్మా."

నాది కుట్టుపని. సూదిలో దారం ఎక్కించడం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అన్న కూడా ఏడ్చాడు. తలమీద చెయ్యి పెట్టి, "నీకేం తక్కువ కానియ్య చెల్లె," అన్నాడు. ఇంత జరిగాక కూడా నా మనసు కరిగింది.

బయటికి వస్తుంటే ఒంటికంటికి మెట్లు సరిగా ఆనలేదు. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు మెట్లు దిగాక చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఊర్ల ఎవలన్న అడిగితే మాత్రం ఆకు తాకిందనే చెప్పు. లేకుంటె నేను పరేషాన్‌ల పడ్త."

నా చెయ్యి విడిపించుకున్నాను. గోడ పట్టుకుని, మిగిలిన మెట్లు ఒక్కదాన్నే దిగాను.